ఆయిల్ కూలర్ హోస్‌లను ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిదే ఆయిల్ కూలర్. దానికి నూనె తీసుకెళ్లి, తిరిగి తెచ్చే గొట్టాలే ఈ హోస్‌లు. స్పోర్ట్స్ కారు నిలిపిన చోట నూనె మరక కనిపించగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది కూలర్ హోస్ నుంచేనా? అయితే నేనే మార్చుకోవచ్చా?" మార్చుకోవచ్చు. స్పానర్ పట్టడం వచ్చినవారు, కారు కిందికి దూరే ఓపిక ఉన్నవారు ఒక రోజు కేటాయిస్తే చాలు. అయితే ఒక మాట ముందే చెప్పాలి. కొత్త హోస్ బిగించడం అరగంట పని. మిగతా రోజంతా పాతదాన్ని కూలర్‌కు దెబ్బ తగలకుండా ఊడదీయడానికే సరిపోతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒకే స్పానర్‌తో బలంగా లాగాను. నట్టు కదిలిందని సంతోషించేలోపే, దానితోపాటు హోస్ బిగిసే కూలర్ మెడ కూడా తిరిగిందని అర్థమైంది. అల్యూమినియం మెడ వెల్డింగు దగ్గర చీలిపోయింది. హోస్ మార్చబోయి కూలర్ కూడా కొనాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ బిగించడం కంటే విప్పడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు, కారుతున్నది హోసేనా?

నడుస్తున్న కారు కింద గాలి నూనెను వెనక్కి తోస్తుంది. కాబట్టి మరక పడిన చోటుకీ, కారుతున్న చోటుకీ సంబంధం ఉండకపోవచ్చు. తడిగా ఉన్న భాగాలన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నది ఏదో వెతకండి. అక్కడంతా బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా కడిగి, ఆరాక పల్చగా టాల్కం పౌడరు చల్లండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా కారు నడిపి వచ్చి చూడండి. తెల్లటి పౌడరు మీద నూనె దారి గీత గీసినట్టు కనిపిస్తుంది.

హోస్ రబ్బరు లోహపు కొసతో కలిసేచోట ఒక పట్టీని యంత్రంతో నొక్కి ఉంచుతారు. దాన్ని క్రింపు అంటారు. చాలా హోస్‌లు ముందుగా అక్కడే చెమర్చడం మొదలుపెడతాయి. క్రింపు అంచున దుమ్ము, నూనె కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంటుంది. గోటితో ఆ ముద్ద గీకేసి, హోస్‌ను కొద్దిగా పక్కకు వంచి చూడండి. రబ్బరు మీద సన్నని పగుళ్లు తెరుచుకుంటే, లేదా నొక్కినప్పుడు మెత్తగా ఉబ్బినట్టు అనిపిస్తే ఆ హోస్ కాలం తీరినట్టే. క్రింపు పొడిగా ఉండి నట్టు దగ్గర మాత్రమే తడి ఉంటే, లోపలి ఓ-రింగో (గుండ్రటి రబ్బరు సీలు) వాషరో మారిస్తే సరిపోవచ్చు.

రెండు హోస్‌లలో ఒకటే కారుతున్నా రెండూ మార్చండి. రెండింటి వయసూ ఒకటే, అవి పడ్డ వేడీ ఒకటే.

ఏమేమి కావాలి?

- కొత్త హోస్‌ల జత. ఎలాంటివో కింద వివరంగా చెబుతాను.
- కొత్త ఓ-రింగులు, బాంజో బోల్టులు (లోపల నూనె దారి ఉన్న బోల్టులు) ఉంటే వాటికి కొత్త వాషర్లు. ఒక్కో బోల్టుకు రెండు వాషర్లు కావాలి.
- మీ కారు మాన్యువల్ చెప్పిన ఇంజిన్ ఆయిల్, కొత్త ఫిల్టరు. మామూలుగా ఆయిల్ మార్చేటప్పుడు పట్టేదానికంటే ఒక లీటరు అదనంగా దగ్గర పెట్టుకోండి.
- జాకీ, రెండు లేదా నాలుగు జాక్ స్టాండులు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు.
- నట్టుకు సరిగ్గా సరిపోయే స్పానర్లు రెండేసి. వీలైతే ఒకటి ఫ్లేర్ నట్టు స్పానర్ (నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే రకం).
- తుప్పు వదిలించే నూనె, ఇత్తడి తీగల బ్రష్, బ్రేక్ క్లీనర్.
- వెడల్పాటి పళ్లెం ఒకటి, చిన్న డబ్బాలు రెండు మూడు. నూనె మీరు అనుకున్న చోటే కారదు.
- తెరిచిన రంధ్రాలు మూయడానికి ప్లాస్టిక్ మూతలు. లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి ముక్కలు, రబ్బరు బ్యాండ్లు.
- టార్క్ రెంచ్, పెయింట్ మార్కర్, పోగులు రాని గుడ్డలు.
- నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లజోడు.

తొడుగులు వేసుకోవడం బద్ధకించకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి పదే పదే తగలడం మంచిది కాదు. అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి.

ఏ హోస్ కొనాలి?

మూడు దారులున్నాయి. మొదటిది, కారు తయారీదారు భాగమే కొనడం. వంపులు, పొడవు, పట్టీల చోట్లు అన్నీ కుదురుతాయి. మొదటిసారి చేసేవారికి నేను చెప్పేది ఇదే. రెండవది, పాత హోస్ లోహపు కొసలు బాగుంటే వాటిని హైడ్రాలిక్ హోస్‌లు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లి, కొత్త గొట్టం వేయించి మళ్లీ క్రింపు చేయించడం. పాత మోడళ్లకు భాగాలు దొరకనప్పుడు ఇది చక్కటి ఉపాయం. అక్కడ మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి: లోపల పారేది ఇంజిన్ ఆయిల్, ఉష్ణోగ్రత 150 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకోవాలి, పని ఒత్తిడి 20 బార్లు తట్టుకోవాలి. చల్లని ఇంజిన్ మొదలైన క్షణంలో ఆయిల్ ఒత్తిడి 5, 6 బార్లు దాటగలదు. అంచు మీద నడిచే హోస్ మనకు వద్దు.

మూడవది, ఏఎన్ ఫిట్టింగులతో (మరలతో బిగించే, కోను అమరిక ఉన్న ఒక ప్రామాణిక రకం కొసలు) వచ్చే స్టీలు అల్లిక హోస్. చూడటానికి అందంగా ఉంటుంది, బాగా పనిచేస్తుంది కూడా. కానీ ఆ అల్లిక ఆకురాయి లాంటిది. ఏ భాగానికి ఆనుకుని అదిరితే దాన్ని కోస్తూ పోతుంది. ఇది వాడితే ప్రతి మలుపులోనూ పై తొడుగు తప్పనిసరి.

రేడియేటర్ హోస్ ముక్కతో సరిపెట్టాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. నీటి హోస్‌లలో వాడే ఈపీడీఎం రబ్బరు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. స్క్రూ క్లిప్పులతో బిగించిన గొట్టం కూడా ఈ ఒత్తిడి దగ్గర నమ్మదగింది కాదు. అది ఊడితే ఇంజిన్‌లో ఉన్న నూనె అంతా క్షణాల్లో రోడ్డు మీదికీ, వేడి ఎగ్జాస్ట్ మీదికీ పోతుంది. నిప్పంటుకునేది అక్కడే.

పని మొదలు

1. ముందు రోజు రాత్రే మొదలుపెట్టండి. ప్రతి యూనియన్ (హోస్ కొస కూలర్‌తోనో గొట్టంతోనో కలిసే జోడు) నట్టు చుట్టూ బ్రష్‌తో మట్టి దులిపి, తుప్పు వదిలించే నూనె వేయండి. గంట తరువాత మళ్లీ వేయండి. ఉదయం మరోసారి. అల్యూమినియం కూలర్‌కు ఉక్కు నట్టు బిగించి ఉన్న చోట ఏళ్ల తరబడి తేమ చేరి రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఆ పట్టు బలంతో కంటే సమయంతో బాగా వదులుతుంది.

2. ఇంజిన్ కొద్దిసేపు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె త్వరగా, పూర్తిగా దిగుతుంది. పూర్తి వేడి మీద మాత్రం ముట్టుకోకండి. బాగా పరుగెత్తించిన కారులో ఆయిల్ 100 డిగ్రీలు దాటి ఉంటుంది, తగిలితే చర్మం కాలిపోతుంది.

3. గట్టి, సమతలమైన నేల మీద కారు నిలిపి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, జాకీతో లేపి జాక్ స్టాండుల మీద దించండి. చేత్తో కారును గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి.

4. ఆయిల్ దింపండి, ఫిల్టరు తీయండి. డ్రై సంప్ ఇంజిన్, అంటే నూనెను అడుగున కాక విడి ట్యాంకులో ఉంచేది అయితే ఆ ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. కూలర్‌లోనూ గొట్టాల్లోనూ నిలిచిన నూనె దీనితో దిగదు. అది హోస్ విప్పినప్పుడు వస్తుంది.

5. అండర్ ట్రే (కారు అడుగును మూసే పలక), అవసరమైతే చక్రం, చక్రపు గూటి లైనర్ తీయండి. కూలర్ ఎక్కడుందో కారును బట్టి ఉంటుంది. 1980ల నాటి పోర్షా 911లో ఇంజిన్ వెనక ఉంటే, అదనపు కూలర్ కుడివైపు ముందు ఫెండర్‌లో ఉంటుంది. గొట్టాలు కారు పొడవునా కింద నుంచి వెళతాయి. చాలా కార్లలో ముందు బంపర్ వెనకే దొరుకుతుంది.

6. ఇప్పుడు ఫోనుతో ఫోటోలు తీయండి. ప్రతి పట్టీ, ప్రతి వంపు, హోస్ దేని పైనుంచి, దేని కిందినుంచి వెళుతుందో అన్నీ తీయండి. రెండు హోస్‌ల మీదా మార్కర్‌తో గుర్తులు పెట్టండి, వచ్చేది ఒకటి, పోయేది ఒకటి అని. సాయంత్రం ఐదింటికి నూనె చేతులతో నిలబడి ఏది ఎటో గుర్తు చేసుకోవడం కష్టం.

7. పట్టీలు ముందు విప్పండి. యూనియన్లు తిరగడానికి హోస్‌కు కాస్త స్వేచ్ఛ ఉండాలి.

8. ఇదే అసలు ఘట్టం. ఒక స్పానర్ కూలర్ వైపు ముఖాల మీద, రెండోది హోస్ నట్టు మీద పెట్టండి. రెండు స్పానర్ల పిడులనూ చిన్న కోణంలో, ఒకే పిడికిట్లో ఇమిడేలా అమర్చి, చేతిని మూస్తున్నట్టు నొక్కండి. అప్పుడు బలమంతా రెండు స్పానర్ల మధ్యే ఉంటుంది, కూలర్ మెడకు ఏమీ చేరదు. స్పానర్లను దూరదూరంగా పెట్టి రెండు చేతులతో లాగితే, ఒక చేయి కొంచెం ఎక్కువ లాగినా మెడ వంగుతుంది. నట్టు వదిలేటప్పుడు టక్కుమని పొడి శబ్దం వస్తుంది, ఆ తరువాత తేలిగ్గా తిరుగుతుంది. అలా కాకుండా జిగురులా, సాగుతున్నట్టు కదిలితే వెంటనే ఆపండి. మరలు చిరుగుతున్నాయి, లేదా మెడ తిరుగుతోంది. వెనక్కి కొద్దిగా బిగించి, తుప్పు నూనె వేసి, ముందుకూ వెనక్కీ ఆడించండి.

ఎంతకీ కదలని నట్టు ఉంటే హీట్ గన్‌తో వేడి చేయండి. నూనె అంతా తుడిచేశాకే. బ్రేక్ క్లీనర్ చల్లిన చోట అసలే వద్దు, నిప్పు మంట ఎక్కడా వద్దు. దానికీ లొంగకపోతే ఆ నట్టును బలి ఇవ్వండి. హోస్ ఎలాగూ పారేసేదే. చిన్న గ్రైండరుతో నట్టు పొడవునా మరల దాకా పోకుండా ఒక గాడి కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి మెల్లగా విప్పదీస్తే నట్టు తెరుచుకుంటుంది. ఈ పని అంతా అయ్యేదాకా కూలర్ వైపు స్పానర్ కదలకుండా పట్టుకోవాలి. కోసేటప్పుడు రేణువులు లోపలికి పోకుండా చుట్టూ తడిగుడ్డ చుట్టండి.

9. హోస్ ఊడగానే పళ్లెం సిద్ధంగా ఉంచి, నూనె దిగాక రెండు వైపులా మూతలు పెట్టండి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోతే అది బేరింగు దాకా వెళ్లగలదు. బేరింగు విరిగి బాగుచేసిన ఇంజిన్ అయితే, పాత కూలర్‌ను కడిగి వాడకండి. దాని సన్నని దారుల్లో ఇరుక్కున్న లోహపు పొడిని పూర్తిగా వదిలించడం సాధ్యం కాదు. కూలర్ కూడా మార్చాలి.

10. పాత, కొత్త హోస్‌లను నేల మీద పక్కపక్కన పరచండి. పొడవు, కొసల వంపు కోణం, మరల సైజు, పట్టీల చోట్లు పోల్చండి. పాత ఓ-రింగు కూలర్ లోపలే అతుక్కుని ఉండిపోయిందేమో టార్చి వేసి చూడండి. దాని మీదే కొత్తది వేస్తే ఎంత బిగించినా కారుతుంది. ఈ పనిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదేనని నా అనుభవం.

11. కొత్త హోస్ లోపల గాలి ఊది శుభ్రం చేయండి, కొత్తదైనా సరే. కోసిన రబ్బరు పొడి లోపల ఉంటుంది. ఓ-రింగుకు కొత్త ఇంజిన్ ఆయిల్ రాసి అమర్చండి.

12. నట్టును చేత్తోనే మొదలుపెట్టండి. ముందు ఎడమకు తిప్పండి, మర మొదలు చోట చిన్న కుదుపు తగిలాక కుడికి తిప్పండి. కనీసం మూడు చుట్లు చేత్తో తేలిగ్గా వెళ్లాలి. అడ్డదిడ్డంగా ఎక్కిన మర అల్యూమినియంలో ఒక్కసారికే పాడవుతుంది.

13. ముందు రెండు కొసలూ చేత్తో ఎక్కించి, హోస్‌ను పట్టీల్లో కూర్చోబెట్టి, ఆ తరువాతే చివరి బిగింపు ఇవ్వండి. మళ్లీ రెండు స్పానర్లు. మాన్యువల్‌లో టార్క్ విలువ ఉంటే దాన్నే పాటించండి. 37 డిగ్రీల కోను ఉన్న ఏఎన్ ఫిట్టింగులకు, చేతి బిగింపు తరువాత స్పానర్‌కు గట్టిగా తగిలిన చోటు నుంచి దాదాపు ఒక ముఖం, అంటే 60 డిగ్రీలు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. కారితే ఇంకా బిగిద్దాం అనుకోకండి. కోను మీద గీత గానీ మట్టి గానీ ఉంటే బిగింపుతో కారడం ఆగదు, కోను మాత్రం చదునవుతుంది.

టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. ఈ యూనియన్లలో మరలు పట్టుకోవడానికే, నూనె ఆపడం కోను పని, ఓ-రింగు పని. టేపు పోగులు ఊడి సన్నని ఆయిల్ దారులను మూసేస్తాయి.

14. బిగించేటప్పుడు హోస్ మెలిపడిందా చూడండి. చాలా హోస్‌ల మీద పొడవునా ఒక గీత లేదా అక్షరాల వరుస ఉంటుంది. అది తిన్నగా ఉండాలి, తాడులా చుట్టుకుని కనిపించకూడదు. మెలిపడిన హోస్ ఒత్తిడి ఎక్కిన ప్రతిసారీ విప్పుకోవాలని చూస్తుంది, క్రమంగా నట్టును వదులు చేస్తుంది. బిగుతుగా లాగి పెట్టడం కూడా తప్పే. ఒత్తిడిలో హోస్ పొడవు కొద్దిగా మారుతుంది, ఇంజిన్ తన రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది. ఆ రెండింటికీ సరిపడా వదులు ఉండాలి.

15. చక్రం పెట్టి స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పండి. టైరు హోస్‌కు తగలకూడదు. కారు గాలిలో ఉన్నప్పుడు సస్పెన్షన్ కిందికి వేలాడుతుంది. అక్కడ ఉన్న ఖాళీ, నేల మీద నిలిచినప్పుడు ఉండదు. కాబట్టి కిందికి దించాక మళ్లీ చూడండి. ఎగ్జాస్ట్ దగ్గరగా వెళ్లే చోట వేడిని ఆపే తొడుగు వేయండి.

మొదటిసారి ఇంజిన్ నడపడం

కొత్త ఫిల్టరు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు పెట్టి ఆయిల్ నింపండి. కూలర్ ఖాళీగా ఉంది కాబట్టి, నేరుగా స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్ల పాటు బేరింగులకు నూనె అందకపోవచ్చు. ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కూడా పనిచేయకుండా చేసి, స్టార్టరుతో ఇంజిన్‌ను 10 సెకన్ల చొప్పున తిప్పండి. మధ్యలో స్టార్టరు చల్లబడటానికి అర నిమిషం ఆగండి. ఒత్తిడి మీటరు కదిలేదాకా, లేదా ఆయిల్ దీపం ఆరేదాకా ఇలా చేసి, ఆ తరువాత ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ తొక్కకండి. ఐదారు సెకన్లలో ఒత్తిడి కనిపించకపోతే వెంటనే ఆపేయండి.

మొదటి నిమిషం ఒకరు లోపల కూర్చుంటే మీరు బయట యూనియన్లు చూడవచ్చు. పెద్ద తప్పేదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఆపి, ఆయిల్ మట్టం చూసి, తగ్గినంత పోయండి.

ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. చాలా కార్లలో కూలర్‌కు వెళ్లే దారి మీద థర్మోస్టాట్ ఉంటుంది. నూనె వేడెక్కేదాకా అది కూలర్‌కు పూర్తి ప్రవాహం వదలదు. అంటే మీరు నిలబెట్టి ఐదు నిమిషాలు నడిపి చూసింది అసలైన పరీక్ష కాదు. కారును పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి, నూనె బాగా వేడెక్కాక కూలర్‌ను జాగ్రత్తగా తాకి చూడండి. వేడిగా ఉంటే దారి తెరుచుకున్నట్టే. అప్పుడు ఆయిల్ మట్టం మళ్లీ చూడండి. కూలర్ నిండినందువల్ల తప్పక తగ్గి ఉంటుంది. మట్టం ఎలా చూడాలో మాన్యువల్ చెప్పినట్టే చూడండి. పాత 911 లాంటి డ్రై సంప్ కార్లలో ఇంజిన్ వేడిగా, నడుస్తూ ఉండగా, సమతలం మీద చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువగా ఉందని పోస్తే ఎక్కువైపోతుంది.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

ప్రతి యూనియన్ మీద, నట్టు నుంచి ఫిట్టింగు మీదికి దాటేలా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. తరువాత ఎప్పుడు చూసినా ఆ గీత తెగకుండా తిన్నగా ఉంటే నట్టు కదలలేదని అర్థం. స్పానర్ పెట్టి పరీక్షించే అవసరమే ఉండదు.

రాత్రి కారు కింద తెల్ల కాగితాలో అట్టముక్కో పరచండి. ఉదయానికి ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి. విప్పినప్పుడు ట్రేలోనూ, కారు అడుగున అడ్డంగా ఉండే క్రాస్ మెంబరు సందుల్లోనూ చేరిన నూనె రెండు మూడు రోజులు కారుతూనే ఉంటుంది. యూనియన్లను తుడిచి, పొడి టిష్యూ కాగితాన్ని నట్టు చుట్టూ తిప్పండి. టిష్యూ పొడిగా వస్తే చుక్క పాతది. తడిస్తే, ఏ అంచున తడిసిందో చూడండి. నట్టు వెనక తడి ఉంటే కోను లేదా ఓ-రింగు తప్పు, విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. క్రింపు దగ్గర తడి ఉంటే కొత్త హోసే లోపభూయిష్టం. దాన్ని బిగించి ఆపలేరు, మార్చి తెచ్చుకోవాలి.

అండర్ ట్రే వెంటనే బిగించకండి. మొదటి 100 కిలోమీటర్లు అది లేకుండానే నెమ్మదిగా నడిపి, మళ్లీ ఒకసారి గీతలు, పట్టీలు, హోస్ ఆనుకున్న చోట్లు చూడండి. ఎక్కడైనా పెయింట్ మెరుస్తూ అరిగిన గుర్తు కనిపిస్తే హోస్ అక్కడ రాసుకుంటోంది. పట్టీ జరపండి లేదా తొడుగు వేయండి. ఆ తరువాతే ట్రే పెట్టండి.

దింపిన పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట అప్పగించండి. కాలువలోనూ మట్టిలోనూ పోయకండి. పాత హోస్‌లను మాత్రం వారం రోజులు ఉంచుకోండి. కొత్తది ఎక్కడైనా కుదరకపోతే పోల్చి చూడటానికి మీ దగ్గర ఉన్న నమూనా అదే.